కొత్త చోదకునికి పాత కారు: బెంగుళూరు బేరమునకు ముందు చూడవలసినవి

పిక్కిలి (ధర్మపురి జిల్లా): కుమారునికో కుమార్తెకో లైసెన్సు చేతికి వచ్చినది. కొత్త కారు కొనుటకు స్తోమత చాలదు. బెంగుళూరులో చిన్న పాత కారు చవుకగా దొరకుచున్నదని అక్కడ పనిచేయు బంధువొకరు కబురు పంపినారు. పెన్నాగరం తాలూకాలోని పిక్కిలి మొదలుకొని హోసూరు వరకు సరిహద్దు తెలుగు కుటుంబములలో మొదటి కారు కథ చాలావరకు ఇట్లే ప్రారంభమగుచున్నది.

ఆ చవుక సగమే నిజము. బెంగుళూరు వ్యాపారి చెప్పు ధర ఆ బండి కర్ణాటకలోనే తిరుగుటకు సరిపోవు ధర. దానిని ధర్మపురికి తెచ్చి టి.ఎన్. 29 నంబరు వేయించుటకు అగు ఖర్చు అందులో లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ప్రకారము, ఒక రాష్ట్రములో నమోదైన బండి మరొక రాష్ట్రములో 12 నెలలకు మించి ఉన్నయెడల కొత్త నంబరు తీసికొనవలెను. అందుకు కర్ణాటకలోని నమోదు కార్యాలయము నుండి మన కార్యాలయము పేర నిరభ్యంతర పత్రము రావలెను. దానికి 28వ నంబరు ఫారము. యాజమాన్యపు మార్పునకు 29, 30 ఫారములు, కొత్త నంబరుకు 27వ ఫారము. బండి మీద బ్యాంకు అప్పు ఉండి తీరినదైతే 35వ ఫారముతో పాటు బ్యాంకువారి లేఖ కూడ ఉండవలెను. ఆ అప్పు గుర్తు ఆర్.సి.లో నిలిచియుండగా పేరు మారదు.

అసలు బరువు పన్నుది. మొదటి యజమాని కర్ణాటకకు కట్టిన జీవితకాలపు పన్ను తమిళనాడులో చెల్లదు. బండి విలువను, వయస్సును బట్టి ఇక్కడ మరల కట్టవలెను. అక్కడ కట్టినదానిలో మిగిలిన భాగమును వాపసు కోరవచ్చును గాని, దరఖాస్తు అక్కడనే పెట్టి ఓపికతో తిరుగవలెను. ఆ సొమ్మును నమ్ముకొని బేరము కుదుర్చుకొనరాదు. 12 నెలల గడువు ఉన్నది గదా, అంతవరకు పన్ను అడుగరని భావించుట కూడ పొరపాటు. ఆ గడువు నంబరు మార్పునకు సంబంధించినది. పన్ను రాష్ట్రముల చట్టముల క్రిందికి వచ్చును. కుప్పం మేనమామ ఉచితముగా ఇచ్చిన ఆంధ్ర నంబరు కారైనను ఇదే వరుస.

కనుక అడ్వాన్సు ఇచ్చుటకు ముందే ఆర్.సి. నకలుతో ధర్మపురి ఆర్.టి.ఓ. కార్యాలయమునకు పోయి పన్ను ఎంత పడునో అడిగి తెలిసికొనుట మంచిది. ఆ లెక్క కలిపి చూచినప్పుడు, కొంత ఎక్కువ ధర చెప్పిన టి.ఎన్. 29, టి.ఎన్. 24, టి.ఎన్. 70 నంబరు బండియే చవుకగా తేలుట కద్దు.

"అన్నా, సంతకాలు పెట్టిన ఫారాలు ఉన్నాయి, మెల్లగా మార్చుకోవచ్చు" అను దళారి మాట వినవలసినది కాదు. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయమును తేటతెల్లము చేసినది. 2007లో అమ్మిన కారు చేతులు మారి మారి 2009లో ప్రమాదమునకు గురి కాగా, నమోదు పుస్తకములో ఇంకను పేరున్న మొదటి వ్యక్తియే పరిహారమునకు బాధ్యుడని న్యాయస్థానము తేల్చినది. ఇది అమ్మువారికి హెచ్చరిక. కొనువారికి చిక్కు వేరొకటి: పేరు మారని బండి తనిఖీలో పట్టుబడినను, దొంగిలింపబడినను తనదని చూపుకొను ఆధారము వారి చేతిలో ఉండదు. పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి చూచినచో నమోదు తేదీ, ఎన్నవ యజమాని, బీమా గడువు, అప్పు గుర్తు తెలియును. చెల్లించని చలానాలు కూడ చూచుకొనవలెను. నమోదు 15 ఏండ్లకే చెల్లును. 14 ఏండ్ల కారు కొన్నవారు మరుసటి ఏడే తనిఖీకి, పునరుద్ధరణకు పరుగెత్తవలసి వచ్చును.

ఇక బండి విషయము. చెన్నైలో 2015, 2023 డిసెంబరు మాసములలోను, బెంగుళూరులో 2022 సెప్టెంబరులోను వరదనీరు వేల ఇండ్ల ముంగిళ్ళను ముంచినది. అట్లు మునిగిన కార్లు కడిగి తుడిచి అమ్మకమునకు వచ్చుచుండును. సీటు బెల్టును చివరివరకు లాగి చూడవలెను. లోపలి భాగమున బురద చార కనబడినచో ఆ బండిని వదలుటే మేలు. సీటు క్రింది పట్టాలకు తుప్పు, కార్పెట్టు క్రింద చెమ్మ వాసన కూడ అదే కథ చెప్పును. టైరు మీది నాలుగంకెలు దాని తయారీ కాలము: 2319 అనిన 2019వ సంవత్సరము 23వ వారము. కిలోమీటర్ల మీటరు ముప్పది వేలు చూపుచు, బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగియున్నచో పెడలునే నమ్మవలెను.

బండిని చల్లగా ఉన్నప్పుడు చూడవలెను. వచ్చువేళకే ఇంజను వేడిచేసి ఉంచినారనిన కారణము ఉండును. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నదని అర్థము. మన దారులకు సరియైన పరీక్ష ఎత్తు మీదనే. మూడవ గేరులో ఎక్కించుచు ఆక్సిలరేటరు తొక్కినప్పుడు మోత పెరిగి వేగము పెరుగకున్నచో క్లచ్చి ప్లేటు అరిగినది. వాలులో ఆపి హ్యాండు బ్రేకు వేసి కాలు తీయవలెను, బండి జారరాదు. పెట్రోలు మిగులునని దిగుడులో న్యూట్రలు చేయు అలవాటు కొందరు పెద్దలకు ఉన్నది. కొత్తవారికి దానిని నేర్పరాదు. బరువంతయు బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు తప్పును; తొప్పూరు కనుమ దిగువారికి ఇది చెప్పనక్కరలేదు.

ఏ కారు అను ప్రశ్నకు, ధర్మపురిలో విడిభాగములు దొరకు చిన్న పెట్రోలు కారు అనియే చాలామంది చెప్పుదురు. అది సరియే, కాని చాలదు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు దేశములో తప్పనిసరి అయినది 2019 జులై 1 నుండి. ప్రక్క సీటుకు పాత మోడళ్ళలో 2021 డిసెంబరు 31 నుండి. అంతకు ముందరి చవుక రకములలో అనేకమునకు అవి లేవు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టి పరీక్షించిన, ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, ఐ10 కార్లకు ఒక్క నక్షత్రమైనను రాలేదు. 2020లో రెండు ఎయిర్‌బ్యాగుల టియాగోకు పెద్దల రక్షణలో నాలుగు వచ్చినవి. ప్రమాదము జరుగు అవకాశము కొత్త చోదకునికే ఎక్కువ గనుక, పాటల పెట్టె, అలాయి చక్రములు ఉన్న పాత బండి కంటె ఎయిర్‌బ్యాగులు, ఏ.బి.ఎస్. బ్రేకులు ఉన్న సాదా బండికే ఆ పదివేలు, ఇరువదివేలు ఎక్కువ పెట్టుట న్యాయము.

ధర విషయమున కొనువారికి ఒక బలము ఉన్నది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది. కొత్త బండి ధర దిగినప్పుడు రెండు మూడేండ్ల బండికి పాత ధర చెప్పుట చెల్లదు. అదే మోడలు కొత్తదాని నేటి ధర వ్రాసికొని పోయి బేరమాడవలెను.

కొన్న పిదప 14 దినములలో బీమాను తమ పేరికి మార్చుటకు కంపెనీకి దరఖాస్తు చేయవలెను. మార్చకున్నను ఎదుటివారి నష్టమునకు బీమా వర్తించును గాని, తమ బండి దెబ్బతిన్నచో చిక్కు వచ్చును. పాత యజమాని క్లెయిము లేని రాయితీ కొనువారికి రాదు కనుక ఆ తేడా కట్టుటకు కొంత సొమ్ము ప్రక్కన ఉంచుకొనవలెను.