షంషాబాద్ కౌంటర్ దాకా ఆగకండి, సూట్‌కేస్ ఇంట్లోనే తూచేయండి

అమెరికా వెళ్లే స్టూడెంట్స్‌కి ఎకానమీ టికెట్ మీద చాలా ఎయిర్‌లైన్స్ రెండు చెకిన్ బ్యాగులు ఇస్తాయి, ఒక్కోటి 23 కిలోలు. దీన్ని మొత్తం 46 అని లెక్కేసుకుంటే దెబ్బే. ఒకటి 26, ఇంకోటి 20 ఉంటే టోటల్ సరిపోయినా, 26 ఉన్నదానికి ఫీజు అడుగుతారు. 32 దాటితే డబ్బులు కడతామన్నా సాధారణంగా తీసుకోరు.

సూర్యాపేట, కోదాడ నుంచి విజయవాడ హైవే మీద, మిర్యాలగూడ నుంచి నల్గొండ మీదుగా గంటల తరబడి కారులో వచ్చాక ఈ సంగతి తెలిస్తే? దింపడానికి వచ్చిన ఇంటివాళ్లు టెర్మినల్ బయటే ఉంటారు. తీసిన పచ్చడి డబ్బా ఎవరి చేతికిస్తారు?

అందుకే ముందు కొనాల్సిన గాడ్జెట్ డిజిటల్ లగేజ్ స్కేల్. 50 కిలోల వరకు తూచే మామూలు హుక్ రకం చాలు. బ్లూటూత్, యాప్ ఉన్నవి నా దృష్టిలో వేస్ట్. అది కరెక్ట్‌గా చూపిస్తుందో లేదో నేను సీల్ తీయని 25 కిలోల బియ్యం బస్తా తగిలించి చెక్ చేస్తాను (మిర్యాలగూడలో బియ్యం బస్తాకి కరువా!). అరకిలో కంటే ఎక్కువ తేడా వస్తే స్కేల్ మార్చేయండి. సూట్‌కేస్ 22.5 దగ్గర ఆపేయండి.

పవర్‌బ్యాంక్ మాత్రం అందులో పెట్టొద్దు, క్యాబిన్ బ్యాగ్‌లోనే ఉండాలి. కార్గోలో లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. లిమిట్ 100 వాట్ అవర్. 20,000 ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1000తో భాగిస్తే 74, నో ప్రాబ్లమ్. 30,000 అయితే 111, ఎయిర్‌లైన్ పర్మిషన్ కావాలి. ఎయిర్‌ట్యాగ్‌ని మాత్రం సూట్‌కేస్‌లో హాయిగా వేసేయొచ్చు, దాంట్లో ఉండేది చిన్న కాయిన్ సెల్లే.