బారో, లెండ్ - ఎవరు ఎవరికి అప్పు?



2004లో మాలో ఒకడికి ఇంజనీరింగు సీటు వచ్చింది. చదువు రుణం కోసం వాడికి తోడుగా మేమంతా ఒక బ్యాంకుకు వెళ్లాం. రాత్రంతా కూర్చుని, డిక్షనరీ చూసి రాసిన దరఖాస్తు అది. అందులో మొదటి వాక్యం: 'ఐ వాంట్ టు లెండ్ 40,000 రుపీస్ ఫ్రమ్ యువర్ బ్యాంక్.' మేనేజరు గారు చదివి, "మా బ్యాంకుకు నువ్వే అప్పిస్తావా బాబూ?" అని నవ్వారు. వెనక నిలబడ్డ వాడి నాన్నకు ఆ నవ్వెందుకో అర్థం కాలేదు. మాకూ కాలేదు.

ఆ తప్పు మన తెలుగులోంచే వచ్చిందని తర్వాత తెలిసింది. మనకు 'అప్పు' ఒకటే మాట. పక్కన 'తీసుకొను' చేరిస్తే ఒక అర్థం, 'ఇచ్చు' చేరిస్తే దానికి ఎదురు అర్థం. అరువు, చేబదులు కూడా అంతే. ఇంగ్లీషులో అలా కాదు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ క్రియే చెప్పేస్తుంది. పుచ్చుకునేవాడు చేసేది బారో, ఇచ్చేవాడు చేసేది లెండ్.

స్టడీ అవర్లో మనం రోజూ వినే మాట 'కెన్ యు బారో మి యువర్ పెన్?' ఇది తప్పు. అడిగేది ఎదుటివాడు ఇవ్వాలని కనుక 'కెన్ యు లెండ్ మి యువర్ పెన్?' అనాలి. నా వైపు నుంచి అడిగితే 'కెన్ ఐ బారో యువర్ పెన్?' రెండూ ఒప్పే.

బారో తర్వాత మనిషి పేరు రావాలంటే ముందు ఫ్రమ్ ఉండాలి: 'ఐ బారోడ్ ఎ బుక్ ఫ్రమ్ రవి.' అంటే రవి దగ్గర. లెండ్‌కు రెండు దారులు: 'రవి లెంట్ మి ఎ బుక్', 'రవి లెంట్ ఎ బుక్ టు మి.' మొదటిదాంట్లో టు పెట్టకూడదు. మేము చాలాకాలం పెట్టాం. భూతకాలంలో బారోడ్, లెంట్. లెండెడ్ అనే మాట లేదు.

తీసుకెళ్లి తిరిగిచ్చే వస్తువుకే బారో. వార్డెన్ గారి గదిలో బల్లమీదున్న ఫోన్‌ను అక్కడే నిలబడి వాడుకుంటే అది యూజ్.

ఇంతకీ లోన్ అనే నామవాచకం మన అప్పు లాంటిదే. టేక్ ఎ లోన్, గివ్ ఎ లోన్ రెండూ చెల్లుతాయి. ఆ రోజు 'ఐ నీడ్ ఎ లోన్' అని రాసినా సరిపోయేది!

దరఖాస్తు దిద్ది ఇచ్చాక రుణం మంజూరైంది. ఆ కాగితాల మీద లెండర్ అంటే బ్యాంకు, బారోయర్ అంటే అప్పు తీర్చాల్సినవాడు. పాత ఇంగ్లీషులో బారోకు మూలమైన మాటకు అర్థం పూచీ. నాన్న వేలిముద్ర వేసింది కూడా బారోయర్ అన్న గడిలోనే, కొడుకు సంతకం పక్కన. ఈసారి వాడు ఆ మాటకు అర్థం చెప్పాకే ఆయన వేలు ఇంకులో ముంచాడు.