మీకు తెలుసా? అమెరికాలో పెరిగి ఒమన్‌కు తిరిగొచ్చిన మంద

మస్కట్‌లో ఉండే మనవాళ్లు అల్ ఖువైర్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియానికి పిల్లలతో వెళితే అరేబియా ఓరిక్స్ కథ తప్పక చెప్పండి. ఖతార్ ఎయిర్‌వేస్ విమానం తోక మీద కనిపించే పొడవాటి కొమ్ముల జంతువు ఇదే. వేటగాళ్లు జీపుల్లో తరిమి తరిమి చంపడంతో 1972లో ఒమన్ ఎడారిలో చివరి అడవి ఓరిక్స్ కూడా పోయింది.

అదృష్టం, ముందుచూపున్న కొందరు 1962లోనే దక్షిణ అరేబియాలో మూడింటిని పట్టి కాపాడారు. వాటికి మరికొన్నింటిని కలిపి అమెరికాలోని ఫీనిక్స్ జూలో మందను పెంచారు. అప్పటి ఒమన్ పాలకుడు సుల్తాన్ ఖాబూస్ పూనుకోవడంతో 1982లో వాటి సంతతి జిద్దత్ అల్ హరాసిస్ ఎడారిలో మళ్లీ స్వేచ్ఛగా అడుగుపెట్టింది. కాపలా బాధ్యత అక్కడి హరాసిస్ తెగవారికే ఇచ్చారు. అన్నిటికన్నా తెలివైన పని అదేననిపిస్తుంది.

1996 నాటికి 400 దాటిన మందను బతికుండగానే పట్టి అమ్ముకునే దొంగలు దెబ్బతీశారు. 2007కు 65 మిగిలాయి. పైగా ప్రభుత్వం అక్కడి ఓరిక్స్ అభయారణ్యాన్ని 90 శాతం కుదించింది. దాంతో యునెస్కో ఆ ఏడాదే దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. ఆ జాబితా నుంచి ఒక చోటును తీసేయడం అదే మొదటిసారి. ఇప్పుడు కంచె వేసిన రక్షిత ప్రాంతంలో ఓరిక్స్‌లు మళ్లీ వందల్లోకి చేరాయి.