పెయ్య.. పడ్డ.. చూడి.. పేరులోనే పశువు ఈడు

గుంటూరు: ఒంగోలు జాతికి పుట్టినిల్లయిన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆడ పశువుకు ఈనక ముందు ఒక పేరు, ఈనిన తర్వాత మరో పేరు ఉన్నాయి. ఆంగ్లంలో ఈనని దానిని హీఫర్ అని, ఈనిన దానిని కౌ అని అంటారు. తెలుగు రైతు నుడికారంలో మెట్లు ఇంతకంటే ఎక్కువ. పత్తి, మిరప సాగు పెరిగి, దుక్కికి ట్రాక్టర్లు వచ్చి కొట్టాలు ఖాళీ అవుతున్న కొద్దీ ఈ మాటలు యువతరానికి దూరమవుతున్నాయి. పశువులు కొనేవారికి, పెంచేవారికి ఇవి నేటికీ అవసరమే.

ఈనక ముందు..
పాలు తాగే పసిదూడ లేగ. దూడ ఆడదైతే పెయ్య, మగదైతే కోడెదూడ. ఎదకు వచ్చే ఈడుకు చేరిన ఆవుపెయ్యను తరిపి అని, గేదె పెయ్యను పడ్డ అని పిలుస్తారు. ఊరు మారితే ఈ రెండు పేర్లూ ఒకదానికి బదులు మరొకటి వినిపిస్తాయి. ఎద దాటించాక చూలు నిలిస్తే అది చూడి పశువు. మొదటిసారైతే తొలిచూలు. ఆవు సుమారు 280 రోజులు, గేదె సుమారు 310 రోజులు చూలు మోస్తాయి.

ఈనిన తర్వాత..
ఈనిన పశువు పాడి ఆవు లేదా పాడి గేదె అవుతుంది. ఎన్నిసార్లు ఈనిందో తొలి ఈత, రెండో ఈత అని లెక్కిస్తారు. పాలు ఆగిపోతే వట్టిపోయిందంటారు. ఎన్నిసార్లు దాటించినా చూలు నిలవనిది గొడ్డుమోతు.

పేరును బట్టే పోషణ
బ్రూసెల్లోసిస్ వ్యాధి సోకితే చూడి పశువులు నెలలు నిండకముందే ఈసుకుపోతాయి. దీని నివారణ టీకాను 4 నుంచి 8 నెలల పెయ్యలకే వేయిస్తారు. చూడి పశువులకు వేయించకూడదు. 2019లో మొదలైన జాతీయ పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా కూడా ఉంది. తొలిచూలు పశువుకు ఈత కష్టమయ్యే అవకాశం ఎక్కువ గనుక నెలలు నిండాక కనిపెట్టి ఉండాలి. మలిచూలు పశువుకు ఈనడానికి 60 రోజుల ముందే పాలు తీయడం ఆపాలి. ఈనిన గంట, రెండు గంటల్లోపు దూడకు ముర్రుపాలు పట్టాలి.

సంతలో జాగ్రత్త
వట్టిపోయిన గేదెను చూడిదని నమ్మి కొంటే నెలల తరబడి మేత ఖర్చు మీద పడుతుంది. పత్తి కట్టె, మిరప కట్టె పశువుకు మేత కావు. ఎండుగడ్డి, చొప్ప కొనవలసిన రైతుకు ఆ భారం ఇంకా ఎక్కువ. చూలు నిలిచిన మూడు నెలలకు పశువైద్యుడు చేతితో పరీక్షించి నిర్ధారించగలరు. బేరం కుదుర్చుకునే ముందే ఆ పరీక్ష చేయించడం, ఎన్నో ఈతో అడిగి తెలుసుకోవడం మేలు.