నల్ల చాక్లెట్టా... ఇప్పపువ్వు లడ్డా?

కరీంనగర్‌లో ఏ పెద్ద దుకాణానికి వెళ్లినా చాక్లెట్ల అరలో ఓ పక్కన ముదురు రంగు అట్టలు కనిపిస్తాయి. '70 శాతం కోకో', '85 శాతం కోకో' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. పిల్లలు వాటి వంకే చూడరు, చేదు కదా! కొనేదంతా పెద్దవాళ్లే. గుండెకు మంచిదట, బీపీ తగ్గుతుందట, రక్తం పడుతుందట... ఎవరో చెప్పారు, ఎక్కడో చదివారు. డబ్బులు పోతేపోనీ, ఆరోగ్యం వస్తుందంటే అంతకన్నా ఏం కావాలి?

అక్కడి నుంచి గోదావరి దాటి ఉత్తరంగా వెళ్తే ఆదిలాబాద్ అడవుల మధ్య ఉట్నూరు. అక్కడి ఆదివాసీ మహిళలు చుట్టే ఓ లడ్డు కూడా ముదురు గోధుమరంగులోనే ఉంటుంది. అదీ చెట్టు నుంచి వచ్చిందే, దాన్నీ రక్తహీనతకు మంచిదనే తింటున్నారు. మరి ఈ రెండింటిలో ఏముంది? ఏది ఎంతవరకు నిజం?

చేదులో మేలు

డార్క్ చాక్లెట్ గొప్పతనమంతా కోకో గింజల్లోని ఫ్లావనాల్స్‌ది. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసుకోవడానికి ఇవి తోడ్పడతాయి. దాంతో నాళాలు కాస్త వదులై రక్తం సాఫీగా పారుతుంది. పనామా దేశపు దీవుల్లో కోకో పానీయాన్ని నీళ్లలా తాగే కునా తెగ వాళ్లలో బీపీ తక్కువగా ఉండటం చూసే శాస్త్రవేత్తలకు దీనిపై ఆసక్తి పెరిగింది. రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ రక్తనాళాల సాగే గుణాన్ని నిలుపుతాయని 2012లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా ఒప్పుకుంది.

అయితే ఇక్కడే ఓ మెలిక ఉంది. అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దలతో చేసిన 'కాస్మోస్' పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. మొత్తం గుండె జబ్బులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. గుండె జబ్బులతో వచ్చే మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా కనిపించాయి. పైగా అక్కడ ఇచ్చింది చాక్లెట్ కాదు, కోకో సారంతో చేసిన మాత్రలు! చాక్లెట్ తయారీలో గింజల్ని వేయించినప్పుడు, క్షారంతో శుద్ధి చేసినప్పుడు ఫ్లావనాల్స్ చాలావరకు పోతాయి. అట్ట మీద 70 శాతం అని ఉన్నంత మాత్రాన లోపల మేలు అంత మిగిలి ఉంటుందన్న హామీ లేదు.

ఇక 'రక్తం పడుతుంద'న్న మాట. వంద గ్రాముల ముదురు చాక్లెట్‌లో సుమారు 12 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ వంద గ్రాములు తింటే 600 క్యాలరీలు! రోజుకు రెండు ముక్కలు, అంటే 20 గ్రాములు తింటే దక్కేది రెండు మిల్లీగ్రాముల పైచిలుకే. మన మహిళలకు రోజుకు కావాల్సింది 29 మిల్లీగ్రాములు. ఆ కొద్ది ఇనుమునూ కోకోలోని పాలీఫినాల్స్ సరిగ్గా ఒంటబట్టనివ్వవు. 2022లో అమెరికాలో 28 రకాల డార్క్ చాక్లెట్లను పరీక్షిస్తే అన్నింట్లోనూ ఎంతో కొంత సీసం, కాడ్మియం బయటపడ్డాయి. అప్పుడప్పుడూ తింటే భయం లేదుగానీ గర్భిణులు, పిల్లలు రోజూ తినే పదార్థం కాదది.

సగానికి పైగా ఇళ్లలో...

ఇంతకీ ఇనుము గురించి ఇంత చర్చ ఎందుకంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్ల లోపు పిల్లల్లో అది 70 శాతం. నీరసం, ఆయాసం, చదువు మీద ధ్యాస కుదరకపోవడం, కాన్పు కష్టం కావడం... అన్నింటికీ దీనితో ముడి ఉంటుంది. అడవి పల్లెల్లో ఆ భారం ఇంకా ఎక్కువ. వాళ్లకు రెండు వందలు పెట్టి చాక్లెట్ కొనుక్కోమని చెప్పలేం కదా!

సారా నుంచి లడ్డు దాకా

గోండులు, కొలాములు, పర్ధాన్లు, తోటీలు... ఆదిలాబాద్ ఆదివాసులందరికీ ఇప్పచెట్టు ఇంటి మనిషి లాంటిది. ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి మూడోజాము నుంచి మీగడరంగు పూలు టపటపా రాలతాయి. తెల్లవారక ముందే ఆడవాళ్లు, పిల్లలు గంపలతో చెట్ల కిందికి చేరతారు. ఏరిన పూలను ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుని గోధుమరంగులోకి మారతాయి. గింజలు గానుగాడితే ఇప్పనూనె. కరువు కాలంలో ఈ పూలే కడుపు నింపేవి.

బయటివాళ్లకు మాత్రం ఇప్పపువ్వంటే సారానే గుర్తొస్తుంది. ఆ పేరు చెరిపేసే పనిని ఉట్నూరులోని భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం చేతల్లో చూపించింది. ఎండు ఇప్పపూలు, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి లడ్డూలు చుట్టి అమ్మడం మొదలుపెట్టారు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ తోడ్పాటుతో గర్భిణులకు, ఆశ్రమ పాఠశాలల పిల్లలకూ ఇవి అందాయి. 2025 మార్చి 30న ప్రధాని తన రేడియో ప్రసంగం 'మన్ కీ బాత్'లో ఆదిలాబాద్ ఇప్పపూల వంటకాలను ప్రస్తావించడంతో దేశమంతటికీ తెలిసింది.

ఆదాయం మాటకొస్తే, ఎండు ఇప్పపువ్వుకు కేంద్రం మద్దతు ధరను 2020లో కిలోకు 17 రూపాయల నుంచి 30కి పెంచింది. అదే పువ్వు లడ్డుగా మారితే దాని విలువ ఎన్నో రెట్లు. ఆ తేడా దళారి చేతికి కాకుండా పూలు ఏరిన ఇంటికే చేరుతుంది.

బలం ఎక్కడుంది?

ఇక్కడా ఉన్నమాటే చెప్పుకోవాలి. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. పచ్చి పువ్వులోని విటమిన్-సి ఎండబెట్టి వేయించేసరికి చాలావరకు పోతుంది. లడ్డులో ఇనుము ముఖ్యంగా నువ్వులది, మాంసకృత్తులు పల్లీలవి. పువ్వు ఇచ్చేది తీపి, రుచి, తక్షణ శక్తి. అంటే ఒక్క పువ్వు మహిమ కాదు, ఆ కలయికదే బలం. మన సద్దుల బతుకమ్మకు చేసే నువ్వుల సద్ది, పల్లీల సద్ది, మలీద ముద్దల్లో ఉన్న తెలివీ అదే!

మధుమేహం ఉన్నవాళ్లు ఇప్పలడ్డును మామూలు మిఠాయిలాగే చూడాలి. పల్లీలు, నువ్వులు పడనివాళ్లు దూరంగా ఉండాలి. రక్తహీనత ఉన్నవాళ్లు లడ్డు తింటున్నాం కదా అని ఐరన్ మాత్రలు మానేయకూడదు. లడ్డు తోడు మాత్రమే, మందు కాదు. తిన్న గంట దాకా టీ, కాఫీల జోలికి పోకుండా జామపండో, ఉసిరికాయో తింటే ఇనుము బాగా ఒంటబడుతుంది.

ఇంట్లో చేసుకోవాలంటే...

కప్పు ఎండు ఇప్పపూలు తీసుకుని లోపలి కేసరాలు దులిపేయాలి. ఇసుక లేకుండా కడిగి, తడి పూర్తిగా ఆరబెట్టి, సన్నని సెగపై కరకరలాడేలా వేయించాలి. కప్పు పల్లీలు, అరకప్పు నువ్వులు విడివిడిగా వేయించి, పల్లీల పొట్టు తీయాలి. అన్నీ బరకగా దంచి, ముప్పావు కప్పు బెల్లం తురుము, కాస్త యాలకుల పొడి, రెండు చెంచాల నెయ్యి వేసి ఉండలు చుట్టాలి. పువ్వే తీపి కాబట్టి బెల్లం ఇంకాస్త తగ్గించినా ఫర్వాలేదు. రోజుకు ఒకటి చాలు.

చాక్లెట్ ఇష్టమైతే మానేయనక్కర్లేదు. రెండు ముక్కలు నోట్లో వేసుకుని ఆ చేదును ఆస్వాదించండి. కొనేముందు అట్ట తిప్పి చూడండి. పదార్థాల జాబితాలో మొదట చక్కెర ఉంటే అది పేరుకే నల్ల చాక్లెట్. కానీ ఇంట్లో ఆడపిల్ల నీరసంగా ఉందంటే ముందు రక్తపరీక్ష చేయించండి. ఆ తరవాత నువ్వుల డబ్బా మూత తీయండి. ఉట్నూరు వైపు వెళ్తే ఓ ఇప్పలడ్డుల పొట్లం తెచ్చుకోండి. మీ పిల్లకు కాస్త శక్తి, అక్కడ వేకువన పూలు ఏరిన తల్లికి నాలుగు రూపాయలు!