అంబాసిడర్‌కు కొత్త షాక్ అబ్సార్బర్లు బిగించే ముందు

నవా రాయపూర్‌లోని విశాలమైన రోడ్లపై పాత అంబాసిడర్ వేగం అందుకుంటే స్టీరింగ్ వణకడమో, బండి ఓ పక్కకు లాగడమో జరగొచ్చు. చాలామంది నేరం షాక్ అబ్సార్బర్లపై నెట్టేస్తారు. అది తొందరపాటే.

2014లో ఉత్పత్తి ఆగిపోయిన ఈ కారుకు బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 మాతృక. ముందు చక్రాల దగ్గర కాయిల్ స్ప్రింగులు ఉండవు. టోర్షన్ బార్ అనే పొడవాటి ఉక్కు కడ్డీ మెలితిరుగుతూ బరువు మోస్తుంది. ఏళ్ల తరబడి ఒకే దిశలో మెలితిరిగిన కడ్డీని రెండోవైపు బిగిస్తే విరిగే ప్రమాదం ఉంది. అందుకే విప్పేముందే కుడి, ఎడమ గుర్తులు పెట్టాలి.

అంతకన్నా కీలకం ట్రనియన్. చక్రంతోపాటు తిరిగే నిలువు పిన్‌ను పట్టి ఉంచే భాగమిది. గ్రీజు అందక దాని మరలు అరిగిపోతే పిన్ ఊడి, చక్రం పక్కకు ఒరిగిపోతుంది. ఇదే కుటుంబానికి చెందిన మోరిస్ మైనర్ యజమానులకు ఇది పాత భయమే. అరిగిన ట్రనియన్‌ను అలాగే ఉంచి ఖరీదైన టెలిస్కోపిక్ షాక్‌లు వేయడం దండగ.

50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించాలనుకుంటే మరో చిక్కుంది. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఛాసీ, బాడీ షెల్, ఇంజన్‌లలో మార్పులు చేసిన వాహనం ఆ కోవలోకి రాదు. బోల్టులతో బిగించిన బ్రాకెట్‌ను ఎప్పుడైనా విప్పేయొచ్చు. వెల్డింగ్ చేస్తే అలా కుదరదు.