పేరు మారినను లక్షణము మారదు

భద్రావతి పరిసరములలో నల్లని మొగము, పొడవైన తోక గల కొండముచ్చును మనమందరము ఎరుగుదుము. మరాఠీ సోదరులు దానిని ‘వానర్’ అనియు, ఎఱ్ఱమొగపు కోతిని ‘మాకడ్’ అనియు పిలుతురు. భాషనుబట్టి పేరు మారును గాని శరీరలక్షణము మారదు. శాస్త్రజ్ఞులు ఆ లక్షణమునే నమ్ముదురు.

కోతి పిల్లకు పాలిచ్చును, కావున క్షీరదము. దానికి కొమ్మను పట్టుకొను చేతులు, చదునైన గోళ్ళు, ముందువైపునకు చూచు కన్నులు కలవు. కావున క్షీరదములలో ‘ప్రైమేటుల’ క్రమమునకు చెందినది. 1758లో లిన్నేయస్ ఈ క్రమమునకు పేరుపెట్టి, మానవుని గూడ ఇందే చేర్చెను. పేరునకు పిల్లియైనను, తెలుగునాటి అడవులలో రాత్రివేళ తిరుగు దేవాంగపిల్లియు ఇందులోనిదే.

గొరిల్లా, చింపాంజీ, ఒరాంగుటాన్, గిబ్బనులు కోతులు కావు. తోకలేని ఇవి నరవానరములు. మనదేశమున గిబ్బను మాత్రమే, అదియు ఈశాన్యపు అడవులలోనే కలదు.

విద్యార్థులారా! ఈసారి కొండముచ్చు కనిపించినపుడు రాయి విసరక, దూరమునుండి దాని చేతిని చూడుడు. పిదప మీ చేతిని చూచుకొనుడు.